మాధుకరం నుంచి ఆకాశవాణికి

కళింగపట్నం అనే పేరు మనలో చాలామంది చెవిన పడింది రేడియో ద్వారానే. వంశధార సముద్రుణ్ణి చేరే ఆ తీరాన్ని కళ్లారా చూడనివారు సైతం, తుపాను రోజుల్లో వాయుగుండం కళింగపట్నానికి ఎంత దూరాన ఉన్నదో చెప్పే వార్తల కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నవారే. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను తీరం దాటింది కూడా ఆ పరిసరాల్లోనే. ఓడలకు అక్కడి దీపస్తంభం ఎటువంటిదో, ఒడ్డున ఉన్న గృహస్థులకు ఆ చిన్న పెట్టె అటువంటిది. గాలివాన కబురు మోసుకొచ్చిన ఆ పెట్టెలోంచే, వాన వెలిసిన ఉదయాన, ఒక నిండైన గొంతు ఏడుకొండలవాణ్ణి కీర్తిస్తూ వినబడేది. మీరు ఈపాటికే గ్రహించి ఉంటారు, ఆ గొంతు ఘంటసాల వేంకటేశ్వరరావు గారిది.

ఘంటసాల వారి పాట వినని తెలుగు ఇల్లు లేదు. కాని ఆ పాట రేడియోలోకి ఎట్లా ప్రవేశించింది? పేరు లేదు, రికార్డు లేదు, సిఫారసు చేసే సంస్థానం లేదు. అటువంటి యువకుడికి ఆకాశవాణి తలుపు ఎవరు తీశారు? ఈ ప్రశ్నకు సమాధానం మద్రాసులో వెదకడానికి ముందు, కళింగపట్నానికి నైరుతి దిక్కున, శ్రీకాకుళం దాటి వెళితే వచ్చే విజయనగరం వీధుల్లో వెదకవలసి ఉంటుంది.

కృష్ణాజిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న ఘంటసాల వారు జన్మించారు. తండ్రి సూరయ్య గారు మృదంగ విద్వాంసులు, నారాయణతీర్థుల తరంగాలు భక్తితో గానం చేసేవారు. పసివాడైన కుమారుణ్ణి భుజాన ఎక్కించుకొని భజనలకు తీసుకువెళ్లేవారు. తండ్రి పాడుతుంటే బాలుడు లయ తప్పకుండా నర్తించేవాడు. చూసినవారు ముచ్చటపడి బాలభరతుడని పిలిచారు. ఆ ముచ్చట ఎంతోకాలం నిలవలేదు. సూరయ్య గారు కాలధర్మం చెందుతూ, సంగీత విద్వాంసుడివి కావాలన్న కోరికను కొడుకు చెవిన వేసి వెళ్లారు. తల్లి రత్తమ్మ గారినీ బిడ్డలనూ మేనమామ పిచ్చిరామయ్య గారు ఆదుకొన్నారు.

తండ్రి మాట ఆ బాలుడి గుండెలో ముల్లులా నాటుకొంది. ఇళ్లలో పనులు చేసి, దొరికినచోట నేర్చుకోవాలని చూశాడు. ఫలించలేదు. సంగీత కళాశాల ఉన్న ఊరు విజయనగరమని తెలిసింది. వేలికున్న ఉంగరాన్ని దాని విలువకు ఎంతో తక్కువ ధరకు అమ్మి, ఆ రూపాయలతో రైలెక్కి విజయనగరం చేరుకొన్నాడు. అక్కడికి వెళ్లి చూస్తే కళాశాలకు వేసవి సెలవులు!

విజయరామ గజపతి మహారాజావారు 1919లో నెలకొల్పిన విద్యాలయం అది. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. బాలుడు చేరేనాటికి వాయులీన విద్వాంసులు ద్వారం వేంకటస్వామినాయుడు గారు ఆ స్థానంలో ఉన్నారు. దిక్కులేని పిల్లవాడని జాలిపడి, కళాశాల ఆవరణలోనే ఉండేందుకు అనుమతించారు. కాని కొందరు తోటి విద్యార్థుల ఆకతాయి చేష్ట వల్ల, తాను చేయని తప్పుకు నింద మోసి, ఆ నీడను కూడా పోగొట్టుకొన్నాడు. ఒక గుడి చెంత తలదాచుకొన్నాడు. పరాయి ఊరు, చేతిలో చిల్లిగవ్వ లేదు, పైన నింద. ఆ రాత్రి ఆ బాలుడు ఇంటిదారి పట్టి ఉంటే ఏమయ్యేదో ఒక్కసారి ఊహించండి.

పట్టలేదు. కళాశాలలో గాత్రం బోధించే పట్రాయని సీతారామశాస్త్రి గారిని ఆశ్రయించాడు. సాలూరు చినగురువు గారని ప్రజలు భక్తితో పిలుచుకొనే ఆ మహనీయులు సంపన్నులు కారు. అయినా విషయం తెలుసుకొని, శిష్యుణ్ణి చేరదీసి, ఫలాపేక్ష లేకుండా విద్య దానం చేశారు. ఉదరపోషణకు మాత్రం మాధుకరం చేసుకొమ్మని ఆదేశించారు.

ఈ మాటను నేటి పిల్లలకు కొంచెం విడమరచి చెప్పాలి. మధుకరమంటే తుమ్మెద. తుమ్మెద ఏ ఒక్క పువ్వునూ పిండదు, పువ్వు పువ్వునా ఒక్కొక్క చుక్క గ్రహిస్తుంది. అట్లే విద్యార్థి ఏ ఒక్క గృహస్థుకూ భారం కాకుండా ఇల్లిల్లూ తిరిగి గుప్పెడేసి అన్నం స్వీకరించాలి. ఘంటసాల వారు భుజాన జోలె కట్టుకొని విజయనగరం వీధుల్లో అట్లా తిరిగారు. ఒకపూట తెచ్చిన అన్నమే రెండుపూటలకు. మిగిలినది గుడ్డలో మూటగట్టి ఉంచితే చీమలు పట్టేవి. అందుకోసం ఎక్కడో ఒక డబ్బా సంపాదించుకొన్నారు.

తొలినాడు ఆ జోలెలో అన్నం వేసిన తల్లి కళావర్ రింగుగా పేరుపొందిన నర్తకీమణి సరిదె లక్ష్మీనరసమ్మ గారని చెబుతారు. లోకం చిన్నచూపు చూసిన కళావంతుల కులంలో పుట్టిన ఆమె, ముఖం వాడిన ఆ పిల్లవాడిని కన్నబిడ్డలా చూసింది. అన్నపూర్ణ ఏ గుమ్మంలో ఏ రూపాన నిలబడి ఉంటుందో ఎవరు చెప్పగలరు?

మాధుకరాన్ని దారిద్ర్యగాథగా చెప్పి కన్నీరు పెట్టించడం మనకు అలవాటైపోయింది. ఈ వ్యాసకర్త అభిప్రాయం వేరు. పదిమంది గుమ్మాల ముందు నిలబడి గొంతు విప్పి అడగడానికి అహంకారం కరగాలి. తరువాతి కాలంలో కుంతి వేదననూ, పువ్వు ఆక్రందననూ, తుకారాముని ఆర్తినీ ఆ గొంతు అంతగా పలికించగలిగిందంటే, ఆ కరుగుదల విజయనగరంలోనే మొదలైందని నమ్మకం.

చదువు పూర్తిచేసుకొని స్వగ్రామం చేరిన ఘంటసాల వారు ఉత్సవాల్లో, నవరాత్రి వేదికల మీద కచేరీలు చేస్తూ, పిల్లలకు పాఠాలు చెబుతూ వచ్చారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని అలీపురం జైలులో శిక్ష అనుభవించారు. 1944 మార్చి 4న మేనకోడలు సావిత్రి గారిని వివాహమాడారు. అత్తవారి ఊరు పెదపులివర్రు. ప్రసిద్ధ చిత్రకవి సముద్రాల రాఘవాచార్యుల వారిదీ అదే ఊరు. అక్కడ అల్లుడి గానం విన్న ఆచార్యులవారు మద్రాసు రమ్మని ఆహ్వానించారు. ఇది యాదృచ్ఛికమని ఎవరైనా అంటే అనవచ్చు, ఆస్తికులమైన మనం దానికి వేరొక పేరు పెట్టుకొంటాం.

మద్రాసు చేరిన తరువాత కూడా కష్టాలు తీరలేదు. సముద్రాల వారి ఇల్లు చిన్నది. వారికి భారం కారాదని రాత్రులు త్యాగరాయనగరంలోని పానగల్ పార్కులో పడుకొన్నారు. విజయనగరంలో గుడి అరుగు ఏ పని చేసిందో, ఇక్కడ పార్కు ఆ పని చేసింది. ఆచార్యులవారు ఆయనను వెంటబెట్టుకొని చిత్తూరు నాగయ్య గారికీ బి.ఎన్.రెడ్డి గారికీ పరిచయం చేశారు. వారు పాట విని ఆనందించారు, అవకాశం ఉన్నప్పుడు తప్పక ఇస్తామన్నారు. అంతవరకు పొట్ట గడవాలి కదా! అప్పుడు సముద్రాల వారే ఆకాశవాణిలో పాడే అవకాశం కల్పించారు.

ఆ అవకాశం విలువ తెలియాలంటే ఆనాటి రేడియో ఎటువంటిదో తెలియాలి. అఖిల భారత రేడియో మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న ఆరంభమైంది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యేవరకు కోస్తా, రాయలసీమ తెలుగువారికి తెలుగు పలుకు వినిపించేది ఆ కేంద్రమే. తమిళంతో పంచుకొన్న కొద్ది గంటల్లోనే మన కచేరీ, మన నాటకం, మన వార్త అన్నీ ఇమడాలి. రేడియో ఉండటమే గొప్ప, దానికి తపాలా కార్యాలయంలో ఏటా లైసెన్సు రుసుము కట్టాలి. అందువల్ల ఒక ఊళ్లో ఒక పెట్టె ఉంటే దాని చుట్టూ ఊరంతా చేరేది.

అక్కడ పాడటం సభలో పాడటం వంటిది కాదు. ధ్వనిముద్రణలు అరుదైన కాలం కనుక కార్యక్రమాలు చాలామటుకు ప్రత్యక్ష ప్రసారాలే. గాజుకిటికీ అవతల అధికారి, గోడమీద గడియారం, ఎదుట మైకు. ఎర్రదీపం వెలిగిన తరువాత దగ్గినా, శ్రుతి జారినా దిద్దుకొనే వీలు లేదు. శ్రోత ముఖం కనబడదు, తల ఊపేవారుండరు. గాయకుల స్థాయిని నిర్ణయించేందుకు కేంద్రీయ పరీక్షా మండలి వంటిది ఏర్పడింది 1952లో మాత్రమే. అంతకుముందు ఆయా కేంద్రాల్లో కూర్చున్న రసజ్ఞుల చెవే కొలబద్ద. మద్రాసు కేంద్రంలో ఆనాడు 1941లో చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు తెలుగు లలిత సంగీతానికి ఒక కొత్త నడక నేర్పుతున్నారు. శాస్త్రీయ కచేరీకి పేరున్న విద్వాంసులు కావాలి, లలిత గీతానికి మాత్రం మాట స్పష్టంగా పలికే కొత్త గొంతులు కావాలి. పేరులేని యువకులకు ఆ సందులోనే ప్రవేశం దొరికింది.

ఘంటసాల వారికి ఉన్న వరం అదే, మాట. విజయనగరం సాధనలో గొంతుకు మూడు స్థాయిలూ పట్టుబడ్డాయి, తండ్రి తరంగాల్లో భావం పట్టుబడింది. అక్షరం నలగకుండా, ఒత్తులు మింగకుండా పాడే ఆ పద్ధతిని మైకు ప్రేమించింది. చిత్రమేమిటంటే, గ్రామఫోను కంపెనీలో మాత్రం తొలుత ఆ గాత్రానికి ఆదరణ దొరకలేదు. తరువాత ఆ సంస్థలో ఉద్యోగిగా ఉన్న పేకేటి శివరాం గారి చొరవతోనే ఆయన పాటలు రికార్డులకు ఎక్కాయి. రికార్డు మార్గం మూసి ఉన్న రోజుల్లో గొంతుకు ఆసరా అయింది ఆకాశవాణి.

చిత్రసీమలో మొదట చిన్న వేషాలు, బృందగానాలు. 1945లో వచ్చిన స్వర్గసీమలో భానుమతి గారితో కలిసి పాడే అదృష్టం కలిగింది. 1949 నాటి మనదేశం, కీలుగుర్రం చిత్రాలకు సంగీత దర్శకత్వం వహించారు. ఆ పైన జరిగినది మీ అందరికీ తెలిసినదే, వివరించనక్కరలేదు. భక్తులుగా మనం స్మరించవలసినవి రెండే చెబుతాను. 1960 నాటి శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యంలో ఆయనే తెరపై కనిపించి స్వామి సన్నిధిలో గానం చేశారు. 1963లో లవకుశకు సంగీతం కూర్చారు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆయనను ఆస్థాన గాయకునిగా గౌరవించింది.

1952 నుంచి కొంతకాలం సినిమా పాటలకు ఆకాశవాణిలో చోటు బాగా తగ్గిపోయింది. 1957 అక్టోబరులో వివిధభారతి వచ్చాకగాని ఆ కొరత తీరలేదు. ఆ నడిమి కాలంలోనూ ఘంటసాల వారు జనానికి దూరం కాలేదు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పుష్పవిలాపం, కుంతీకుమారి పద్యాలు, ఇతర ప్రైవేటు గీతాలు ఆయనను ఇంటింటి మనిషిని చేశాయి. దేవుడి పూజకు కోయబోయిన పువ్వే మాట్లాడితే వినే గుండె మనకున్నదని ఆ పద్యాలు గుర్తుచేశాయి. 1963 ఆగస్టు 4న విశాఖపట్నం కేంద్రం ప్రారంభమై, ఉత్తరాంధ్ర తీరానికి రేడియో మరింత చేరువైంది. ఒకనాడు ఆయన జోలె పట్టి నిలిచిన వీధుల్లో, అదే గుమ్మాల లోపలినుంచి ఇప్పుడు ఆయన పాటే బయటికి వినవస్తోంది.

గురుకుటుంబంతో అనుబంధాన్ని ఆయన విడువలేదు. సీతారామశాస్త్రి గారి కుమారులు సంగీతరావు గారు మద్రాసు వచ్చి, ఘంటసాల వారికి సంగీత సహాయకులుగా, హార్మోనియం సహకారంతో చివరివరకు తోడు నిలిచారు. ఆ సంగీతరావు గారు నూరేళ్లు నిండిన తరువాత 2021లో చెన్నైలో కన్నుమూశారు.

1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో ఐరోపా, అమెరికాల్లో కచేరీలు చేసి వచ్చారు. అప్పటికే మధుమేహం, ఆపైన గుండెజబ్బు. శరీరం సహకరించని ఆ రోజుల్లోనే భగవద్గీత నుంచి ఎంపిక చేసిన శ్లోకాలను తెలుగు తాత్పర్యంతో సహా గానం చేసి ధ్వనిముద్రణ పూర్తిచేశారు. తరువాత సినిమా పాటల మీద ఆయనకు ఆసక్తి సన్నగిల్లిందని సన్నిహితులు చెప్పుకొన్నారు.

ఇక్కడ ఒక్కమాట చెప్పక తప్పదు. ఆ గీతాగానాన్ని మనం అంతిమయాత్రలకు పరిమితం చేసుకొన్నాం. వైకుంఠరథం మీద మైకులో అది వినీ వినీ, ఇంట్లో ఆ పాట పెడితే అశుభమని భయపడేవారు తయారయ్యారు. గీత పుట్టింది బతికి ఉన్నవాడి కోసం. యుద్ధభూమిలో చతికిలపడ్డ అర్జునుణ్ణి లేపి నిలబెట్టడం కోసం. మార్గశిర శుద్ధ ఏకాదశి నాడు, గీతాజయంతి ఉదయాన, దీపం వెలిగించి మీ ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ గొంతు వినండి. ఆరోగ్యం క్షీణించిన మనిషి పాడుతున్నట్టు మీకెక్కడా తోచదు.

1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఘంటసాల వారు పరమపదించారు. నిండా యాభైరెండేళ్లు లేవు. గీత రికార్డు విడుదలైంది ఆ తరువాతే. దాన్ని ఆయన చేతుల మీదుగా అందుకొనే భాగ్యం ఎవరికీ కలగలేదు. మొదట ఆ గొంతును మనకు చేర్చిన రేడియోలోనే, మొదటిలాగే, మనిషి కనబడకుండా పాట ఒక్కటే వినబడింది.