హిమసాగర యాత్రికుడు షాకిల్టన్

ఇరవయ్యో శతాబ్ది ఆరంభమయ్యేనాటికి భూగోళపు రెండు కొసలూ మానవుని పాదస్పర్శ ఎరుగవు. దక్షిణ ధ్రువాన్ని చేరి తమ పతాకాన్ని నిలపాలని ఐరోపా దేశాల సాహసికులు పోటీపడుతున్న రోజులవి. ఆ పోటీలో ఎర్నెస్ట్ షాకిల్టన్ గెలవలేదు. ధ్రువాన్ని మొట్టమొదట చేరిన కీర్తి నార్వే దేశీయుడైన అముండ్‌సెన్‌కు దక్కింది. అయినా ఆనాటి ధ్రువయాత్రికులను తలచినప్పుడు లోకం గెలిచినవానితో సమానంగా, ఒక్కొక్కప్పుడు అంతకు మిన్నగా, ఈ ఓడినవాణ్ణి స్మరిస్తుంది. అందుకు కారణం అతని జీవితంలోనే ఉంది.

షాకిల్టన్ 1874 ఫిబ్రవరి 15న ఐర్లాండులోని కిల్డేర్ ప్రాంతంలో జన్మించాడు. తండ్రి మొదట వ్యవసాయం చేసి, తరువాత వైద్యవిద్య నభ్యసించి, కుటుంబంతో లండనుకు తరలివచ్చాడు. పదిమంది సంతానంలో రెండవవాడైన ఎర్నెస్టుకు పాఠశాల చదువు రుచించలేదు. కవిత్వమంటే మాత్రం ప్రాణం. పదహారవ యేట సరకుల ఓడలో నావికుడుగా చేరాడు. ఇరవై నాలుగేళ్లకే ఓడ నడిపే అర్హతా పత్రం సంపాదించాడు.

1901లో కెప్టెన్ స్కాట్ నాయకత్వాన బయలుదేరిన డిస్కవరీ యాత్రలో అతనికి స్థానం లభించింది. స్కాట్, విల్సన్, షాకిల్టన్ ముగ్గురూ 1902 డిసెంబరు నాటికి అంతకుముందు ఎవరూ చేరనంత దక్షిణానికి చేరారు. తిరుగు ప్రయాణంలో స్కర్వీ వ్యాధి ముగ్గురినీ పీడించింది. అందరికన్న ఎక్కువగా కుంగినవాడు షాకిల్టన్. అతడు ఇష్టపడకపోయినా, స్కాట్ అతణ్ణి 1903లో స్వదేశానికి పంపివేశాడు. ఆ అవమానం అతని మనస్సులో ముల్లులా నాటుకుంది. మరునాడే మళ్లీ బయలుదేరాలన్నంత పట్టుదల కలిగింది. కాని ధనం కావాలి. దాతల ఇళ్ల చుట్టూ తిరిగి, అప్పులు చేసి, 1907లో నిమ్రాడ్ అనే చిన్న ఓడలో తానే నాయకుడై తరలివెళ్లాడు.

ఆ యాత్రలోని ఒక దినాన్ని ప్రత్యేకించి చెప్పుకోవాలి. 1909 జనవరి 9వ తేదీ. షాకిల్టన్, ఆడమ్స్, మార్షల్, వైల్డ్ అనే నలుగురు ధ్రువానికి దాదాపు 180 కిలోమీటర్ల దూరంలో నిలిచి ఉన్నారు. బళ్లు లాగవలసిన గుర్రాలు అప్పటికే నశించాయి. ఆహారం అడుగంటింది. మరికొన్ని రోజులు నడిస్తే ధ్రువం చేతికందుతుంది. కాని తిరిగి రావడానికి తిండి చాలదు. శాశ్వత కీర్తి ఒకవైపు, నాలుగు ప్రాణాలు ఒకవైపు. షాకిల్టన్ వెనుదిరిగాడు. చచ్చిన సింహం కన్న బ్రతికిన గాడిద మేలని నీవూ ఒప్పుకుంటావనుకున్నానని తరువాత భార్య ఎమిలీతో అన్నాడట. ఆ తిరుగు దారిలో ఆకలితో నకనకలాడుతున్న వైల్డ్‌కు తన వంతు బిస్కత్తును బలవంతాన ఇచ్చాడు. వేల పౌన్లు పెట్టినా దొరకని బిస్కత్తు అది అని వైల్డ్ తన దినచర్యలో వ్రాసుకున్నాడు. మార్షల్ నడవలేక కూలబడినప్పుడు వైల్డ్‌తో కలిసి ఓడవద్దకు పరుగుతీసి, విశ్రాంతి తీసుకోకుండా, మిగిలిన ఇద్దరినీ తీసుకురావడానికి తానే మరల వెళ్లాడు. ఆ ఏడాదే బ్రిటిష్ ప్రభుత్వం అతనికి సర్ బిరుదమిచ్చింది.

1911 డిసెంబరులో అముండ్‌సెన్ ధ్రువాన్ని చేరాడు. నెల రోజుల తరువాత చేరిన స్కాట్ బృందం తిరుగు దారిలో మంచులో సమాధి అయింది. ఇక మిగిలిన ఘనకార్యం ఒక్కటే: అంటార్కిటికా ఖండాన్ని ఈ తీరం నుంచి ఆ తీరానికి కాలినడకన దాటడం. అందుకోసం షాకిల్టన్ ఒక ఓడను కొని, దానికి ఎండ్యూరెన్స్ అని పేరు పెట్టాడు. ఓర్పుతో జయిస్తామన్నది వారి వంశం పెట్టుకున్న ధ్యేయవాక్యం. ఓడ బయలుదేరనుండగా మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. షాకిల్టన్ తన ఓడనూ మనుషులనూ దేశానికి సమర్పిస్తానన్నాడు. యాత్ర సాగించమని నౌకాదళం తంతి పంపింది. 1914 ఆగస్టు 8న ఎండ్యూరెన్స్ ప్లిమత్ రేవు విడిచింది.

మన కావ్యాల్లోని అష్టాదశ వర్ణనలలో సముద్రానికి స్థానముంది గాని, రాయిలా గడ్డకట్టిన సముద్రం మన కవుల ఊహకు అందలేదు. వెడ్డెల్ సముద్రంలో 1915 జనవరిలో ఓడ చుట్టూ నీరు బిగుసుకుపోయింది. తీరం మరొక్క రోజు ప్రయాణమే. నెలల తరబడి సూర్యుడు కనిపించని శీతకాలమంతా ఇరవై ఎనిమిది మందీ ఆ ఓడలోనే గడిపారు. మంచు మీద కాల్బంతి ఆడారు, కుక్కలకు పందేలు పెట్టారు, పాటలు పాడుకున్నారు. పని లేని మనస్సులో నిరాశ గూడు కడుతుందని నాయకునికి తెలుసు. అక్టోబరు నాటికి మంచు ఒత్తిడికి ఓడ పక్కలు పటపట విరగసాగాయి. 27వ తేదీన ఓడ విడవక తప్పలేదు. నవంబరు 21న అది మునిగిపోయింది.

ఒక్కొక్కరు రెండు పౌన్ల బరువుకు మించి సొంత వస్తువులు ఉంచుకోరాదని షాకిల్టన్ ఆజ్ఞాపించి, అందరి ఎదుట తన జేబులోని బంగారు నాణేలను మంచు మీద విసిరివేశాడు. కాని హస్సీ అనే యువకుని బాంజో వాద్యాన్ని మాత్రం వదలనీయలేదు. తిండి ఎంతో పాట అంతే అవసరమని అతని భావన. వెచ్చని తోలు పడక సంచులు పద్దెనిమిదే ఉన్నాయి. చీట్లు వేసి పంచారు. చిత్రంగా, తోలు సంచులు సామాన్య నావికులకూ, పలుచని ఉన్ని సంచులు నాయకునికీ, అధికారులకూ వచ్చాయి! ఆ చీట్లలోని రహస్యాన్ని నావికులు గ్రహించకపోలేదు. సణిగేవాళ్లనూ, నిరాశ చెందేవాళ్లనూ షాకిల్టన్ ఏరి తన గుడారంలోనే పెట్టుకున్నాడు.

అయిదు నెలలకు పైగా మంచుపలక మీద కాలం గడిచింది. ఆ పలక పగిలిన తరువాత, 1916 ఏప్రిల్‌లో, మూడు పడవలలో ఎలిఫెంట్ దీవి చేరారు. నేల మీద కాలు మోపి అప్పటికి పదహారు నెలలు దాటింది. కాని అది నిర్జన ద్వీపం. ఏ ఓడా ఆ దారిని రాదు. సహాయం కావాలంటే 1,300 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న దక్షిణ జార్జియా దీవికి పోవాలి. దాదాపు 23 అడుగుల పొడవున్న జేమ్స్ కెయిర్డ్ అనే పడవకు వడ్రంగి మెక్‌నిష్ అంచులు ఎత్తు చేసి, పైన గుడ్డ కప్పు బిగించాడు. ఏప్రిల్ 24న షాకిల్టన్ అయిదుగురితో బయలుదేరాడు. మిగిలిన ఇరవై ఇద్దరి భారాన్ని వైల్డ్ మీద ఉంచాడు.

ప్రపంచంలోనే అత్యంత భీకరమైన సముద్రమది. అలల తుంపర పడవ మీద గడ్డకట్టి దాన్ని ముంచబోతే, ప్రాణాలకు తెగించి పైకి పాకి గొడ్డలితో కొట్టవలసి వచ్చేది. దారి చూపవలసిన వర్స్‌లీకి సూర్యుడు కనిపించింది మొత్తం నాలుగే సార్లు. ఊగే పడవలో ఆ నాలుగు కొలతలతోనే అతడు గమ్యాన్ని గురి తప్పలేదు. నా దృష్టిలో ఈ కథలోని సగం కీర్తి వర్స్‌లీదే. పదహారు రోజుల తరువాత తీరం చేరారు. కాని చేరింది దీవికి ఆవలి పక్క! తిమింగలాల వేటగాళ్ల స్థావరాలు ఇవతల ఉన్నాయి. నడుమ అంతవరకు ఎవరూ దాటని హిమపర్వతాలు. నీరసించినవారిని తీరాన ఉంచి షాకిల్టన్, వర్స్‌లీ, క్రీన్ బయలుదేరారు. జారకుండా బూట్ల అడుగున పడవ మరలు బిగించుకున్నారు. చేతిలో ఒక తాడు, వడ్రంగి బాడిస. ఒకచోట అలసి కూర్చున్నప్పుడు తోడివారిద్దరూ నిద్రలోకి జారారు. అందరూ నిద్రిస్తే మరి లేవరని ఎరిగిన షాకిల్టన్, అయిదు నిమిషాలకే లేపి, అరగంట నిద్రపోయారని చెప్పాడు. ముప్పై ఆరు గంటల నడక తరువాత, మే 20న స్ట్రామ్‌నెస్ స్థావరం చేరారు. మసిబారిన ముఖాలతో, చింపిరి బట్టలతో ఉన్న ఆ ముగ్గురినీ చూసి పిల్లలు భయపడి పారిపోయారు. యుద్ధం ఎప్పుడు ముగిసిందని షాకిల్టన్ అడిగాడు. ముగియలేదనీ, లక్షలాది జనం చనిపోతున్నారనీ సమాధానం వచ్చింది.

ఎలిఫెంట్ దీవిలోనివారిని రక్షించడానికి మూడుసార్లు వెళ్లి, మంచు అడ్డగించగా మరలివచ్చాడు. నాలుగవసారి చిలీ దేశపు యెల్చో అనే చిన్న ఓడలో, 1916 ఆగస్టు 30న దీవి సమీపించాడు. తీరాన కనిపించే ఆకారాలను దుర్భిణితో లెక్కపెట్టాడు. ఇరవై ఇద్దరూ ఉన్నారు. బోర్లించిన రెండు పడవల కింద 128 రోజులు బ్రతికారు వారు.

ఈ కథను ఇక్కడితో ముగించడం ఆనవాయితీ. కాని అది పూర్తి సత్యం కాదు. ఖండానికి ఆవలి తీరాన, రాని షాకిల్టన్ కోసం దారిపొడవునా ఆహారం దాచి ఉంచిన మరొక బృందంలో ముగ్గురు మరణించారు. మిగిలినవారిని తీసుకురావడానికి వెళ్లిన ఓడలో షాకిల్టన్ స్వయంగా ఉన్నాడు. ఇక మెక్‌నిష్ సంగతి. ఓడ పోయింది కనుక ఆజ్ఞలు చెల్లవని మంచు మీద ఒకనాడు ఎదురుతిరిగాడని, ధ్రువ పతకానికి అతని పేరును షాకిల్టన్ సిఫారసు చేయలేదు. అందరి ప్రాణాలు మోసిన పడవను సముద్రానికి తట్టుకొనేటట్లు చేసినవాడతడు! ధీరోదాత్త నాయకునికి మన అలంకారికులు చెప్పిన లక్షణాలలో క్షమ ఒకటి. ఈ ఒక్కచోట షాకిల్టన్ ఆ లక్షణానికి దూరమయ్యాడనే చెప్పాలి.

మంచు నుంచి బయటపడినవారిలో పలువురు యుద్ధానికి వెళ్లారు. జేమ్స్ కెయిర్డ్ పడవలో నవ్వుతూ చుక్కాని పట్టిన మెకార్తీ 1917లోనే సముద్రయుద్ధంలో మరణించాడు. షాకిల్టన్ అప్పుల్లో కూరుకుపోయాడు. ఒడ్డున ఉండే జీవితం అతనికెన్నడూ పొసగలేదు. 1921లో క్వెస్ట్ ఓడలో మళ్లీ దక్షిణానికి బయలుదేరితే, పాత సహచరులు పలువురు పిలవగానే వచ్చారు. 1922 జనవరి 5న దక్షిణ జార్జియా తీరాన, నలభై ఏడవ యేట, గుండెపోటుతో మరణించాడు. ఇంగ్లండుకు తరలిస్తున్న దేహాన్ని ఎమిలీ కోరిక మేరకు వెనుకకు మళ్లించి, మార్చి 5న ఆ దీవిలోనే ఖననం చేశారు.

సరిగ్గా నూరేళ్లకు, 2022 మార్చి 5న, వెడ్డెల్ సముద్రంలో 3,008 మీటర్ల లోతున ఎండ్యూరెన్స్ ఓడను పరిశోధకులు కనుగొన్నారు. వర్స్‌లీ ఆనాడు నమోదు చేసిన చోటికి అది కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఓడ వెనుక భాగాన చెక్కిన పేరులోని అక్షరాలు చెరగలేదు.