నల్లబడిన పొత్తిగుడ్డల్లో దొరికిన వ్యాధి మూలం: అరుదైన వ్యాధుల అన్వేషి ఆర్కిబాల్డ్ గారాడ్

పసిబిడ్డ మూత్రంతో తడిసిన పొత్తిగుడ్డలు గాలి తగలగానే నల్లబడుతుంటే ఏ తల్లి అయినా భీతిల్లుతుంది. పందొమ్మిదో శతాబ్ది చివర లండన్‌లో ఒక కుటుంబానికి ఎదురైన ఈ వింతే, వైద్యుడు ఆర్కిబాల్డ్ ఎడ్వర్డ్ గారాడ్ జీవితాన్ని మలుపు తిప్పింది.

గారాడ్ 1857 నవంబరు 25న లండన్‌లో జన్మించారు. తండ్రి ఆల్ఫ్రెడ్ బేరింగ్ గారాడ్ కూడా పేరొందిన వైద్యుడు. గౌట్ రోగుల రక్తంలో యూరిక్ ఆమ్లం అధికంగా ఉంటుందని 1848లోనే నిరూపించారు. రోగాన్ని రసాయనశాస్త్ర దృష్టితో చూడటం కుమారుడికి ఇంటి నుంచే అబ్బింది.

బిడ్డకు సోకినది ఆల్కాప్టోన్యూరియా. ఇది సుమారు 2.5 లక్షల నుంచి 10 లక్షల మందిలో ఒకరికి మాత్రమే కనిపిస్తుంది. పేగుల్లోని సూక్ష్మజీవులే దీనికి కారణమని నాటి వైద్యుల నమ్మకం. గారాడ్‌కు ఆ వాదన రుచించలేదు. తల్లిదండ్రులు ఆరోగ్యంగానే ఉండగా తోబుట్టువుల్లో మాత్రం ఇది ఎందుకు కనిపిస్తోందన్నది ఆయన ప్రశ్న. 1901లో ఆ తల్లి మళ్లీ ప్రసవించినప్పుడు, శిశువు పొత్తిగుడ్డలను తొలి గంటల నుంచే గమనించాలని కోరారు. మూడో రోజునే నల్లమచ్చలు కనిపించాయి. అంటే లోపం పుట్టుకతోనే వచ్చింది. ఆ దంపతులు అక్కచెల్లెళ్ల సంతానమని కూడా తేలింది.

జీవశాస్త్రవేత్త విలియం బేట్సన్‌తో చర్చించిన గారాడ్, అప్పుడే వెలుగులోకి వచ్చిన మెండెల్ సూత్రాలతో ఈ చిక్కుముడి విడుతుందని గ్రహించారు. 1902లో ‘లాన్సెట్’ పత్రికలో తన పరిశోధనను ప్రకటించారు. తల్లి నుంచి, తండ్రి నుంచి లోపభూయిష్టమైన అంశం చెరొకటి సంక్రమించినప్పుడే వ్యాధి బయటపడుతుందన్న ఈ అవగాహనకు, మేనరికాలు ఆచారంగా ఉన్న తెలుగునాట నేటికీ ప్రాధాన్యం ఉంది. 1908 ఉపన్యాసాల్లో ఆయన మరో మూడు వ్యాధులను చేర్చి, పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాలు అనే భావనను స్థాపించారు.

వ్యక్తిగత జీవితం మాత్రం విషాదమయం. మొదటి ప్రపంచ యుద్ధం ఇద్దరు కుమారులను బలిగొంది. మూడో కుమారుడు 1919లో ఇన్‌ఫ్లుయెంజాతో మరణించారు. ఆ దుఃఖంలోనే 1920లో ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో వైద్యశాస్త్ర రీజియస్ ఆచార్య పదవిని స్వీకరించారు. మిగిలిన ఏకైక సంతానం డొరొతీ అనంతరకాలంలో కేంబ్రిడ్జ్‌లో తొలి మహిళా ప్రొఫెసర్ అయ్యారు. 1936 మార్చి 28న గారాడ్ కన్నుమూసే నాటికి, ఆయన సిద్ధాంతాన్ని పట్టించుకున్నవారు బహు కొద్దిమంది. జన్యువులకు, ఎంజైములకు గల సంబంధాన్ని నిరూపించి 1958లో నోబెల్ అందుకున్న జార్జ్ బీడిల్, ఆ మార్గాన్ని ముందే చూసినవారు గారాడేనని అంగీకరించారు.

అయితే కారణం తెలిసినంత మాత్రాన చికిత్స దొరకలేదు. ఈ లోపం దాదాపు నిరపాయకరమని గారాడ్ భావించారు. వాస్తవానికి ఏళ్ల తరబడి పేరుకునే ఆమ్లం వెన్నెముకను, కీళ్లను దెబ్బతీస్తుంది. చాలామంది నడివయసులో మామూలు కీళ్లనొప్పులకే మందులు వాడుతూ ఉండిపోతారు. లోపించిన ఎంజైమును 1958లో, జన్యువును 1996లో గుర్తించారు. వయోజన రోగులకు నిటిసినోన్ ఔషధాన్ని ఐరోపా సమాఖ్య 2020లో ఆమోదించింది. గారాడ్ వ్యాసానికి, మందుకు నడుమ 118 ఏళ్లు గడిచాయి.

భారత్ 2021లో అరుదైన వ్యాధులపై జాతీయ విధానాన్ని ప్రకటించింది. అందులో గుర్తించిన ప్రత్యేక కేంద్రాల్లో హైదరాబాద్ కూడా ఉంది. అయినా, ఏ వ్యాధో తెలియక ఆసుపత్రుల చుట్టూ తిరిగే కుటుంబాలకు నేటికీ ముందుగా కావలసింది, గారాడ్ వలె ఆగి పరిశీలించే వైద్యుడే.