డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు కృతార్థులైరి. మదరాసులో వైద్యవిద్య ముగించి, అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధనలు గావించి, 1940లో న్యూయార్కు రాష్ట్రమునందలి లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. పిమ్మట అచ్చటి పరిశోధనలకు అధిపతులైరి.

1945లో అచ్చట ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. తత్సంబంధమైన పదార్థములను బోస్టనులో డాక్టర్ సిడ్నీ ఫార్బరు రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి చూడగా, వ్యాధి తగ్గుటకు మారుగా హెచ్చెను. ఆ విపరీతఫలితము మరుగున పడలేదు. ఫోలిక్ ఆమ్లము వ్యాధిని పోషించునేని, దానిని అడ్డగించునది వ్యాధిని అణచవలెను గదా యను ఊహ అందుండియే పొడమెను. సుబ్బారావుగారి బృందము అట్టి పదార్థములను తయారుచేసి పంపెను. వానిలో అమినాప్టెరిన్ వలన 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికముగా ఉపశమనము కలిగినదని 1948 జూనులో వెల్లడి యయ్యెను. ఆ ఆగస్టుననే సుబ్బారావుగారు 53 ఏండ్ల ప్రాయమున దివంగతులైరి. ఆ కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది.

తప్పిన ప్రయత్నమును నిర్భయముగా చెప్పుకొనగల చోటనే విద్య వర్ధిల్లును. పరిశోధనాలయమునకే కాదు, ఫైళ్ల నడుమ మెలగు కార్యాలయమునకును ఇదియే నీతి. పొరపాటును పైకి తెచ్చిన చిన్నయుద్యోగిని దండించుటకు ముందు, ఆ పొరపాటు నేర్పుచున్న పాఠమును వినుట పెద్దల ధర్మము.