పంతులు గాని పాఠశాలాధిపతి: హోరేస్ మాన్

1837వ సంవత్సరమున అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రము తన ప్రజా పాఠశాలల కొరకొక విద్యామండలిని నెలకొల్పెను. దాని కార్యదర్శి పదవి జేమ్స్ కార్టరునకు దక్కునని పెక్కురు తలంచిరి. కార్టరు బడిలో పాఠములు చెప్పినవాడు. ఉపాధ్యాయులకు శిక్షణాలయములు కావలెనని పదేండ్లకు పైగా వ్రాయుచు వచ్చినవాడు. మండలి శాసనము శాసనసభలో నెగ్గుటకు పాటుపడినవాడు. కాని మండలి ఎన్నుకొన్నది హోరేస్ మాన్ అను న్యాయవాదిని. అప్పటి కాయన రాష్ట్ర సెనేటునకు అధ్యక్షుడు. యౌవనమున బ్రౌన్ విశ్వవిద్యాలయమున కొంతకాలము లాటిను, గ్రీకు భాషలు బోధించిన మాట నిజమే గాని, బడిపంతులు వృత్తి ఆయనది కాదు.

బడి కొరతను మాత్ర మాయన బాల్యముననే ఎరుగును. 1796 మే 4వ తేదీన ఫ్రాంక్లిన్ అను పల్లెలో కర్షక కుటుంబమున జన్మించెను. పదుమూడవ ఏట తండ్రి గతించెను. ఏడాదికి పది వారములకు మించి బడికి పోవుట ఆ బాలునకు పొసగలేదు. ఊరికి తన పేరు పెట్టినందులకు బెంజమిన్ ఫ్రాంక్లిన్ బహూకరించిన పుస్తకములే అతని కసలైన గురువులు. 1819లో పట్టభద్రుడై, 1823లో న్యాయవాదియై, 1827లో శాసనసభ్యుడయ్యెను. 1832లో మొదటి భార్య మరణించగా ఆ దుఃఖ మాయనను చాలకాలము కలచివైచెను. 1833లో వూస్టరు నగరమున తెరచిన ఉన్మాదుల చికిత్సాలయము ఆయన శాసనసభలో చేసిన కృషి ఫలము.

ఎడ్మండ్ డ్వైట్ అను ధనికుడు పట్టుపట్టి మాన్‌ను కార్యదర్శి పదవికి ఒప్పించెను. జీతము ఏటికి 1,500 డాలర్లు. వకీలు వృత్తిలో వచ్చు దానికన్న తక్కువ. అధికారమా, శూన్యము. ఏ ఊరి బడిని గూర్చియు మండలి ఆజ్ఞ జారీ చేయజాలదు. వివరములు సేకరించి నివేదిక వ్రాయగలదు, అంతే. పన్ను కట్టువారిని ఒప్పించుటయే అసలు పని గనుక, వాదించి మెప్పించు విద్య తెలిసినవాడు కావలసి వచ్చెను. ఆ విధముగ చూచినచో మండలి ఎన్నిక తప్పు గాదు. మాన్ ఊరూర సభలు జరిపెను. పన్నెండు వార్షిక నివేదికలు వ్రాసెను. 1838లో పాఠశాలల కొక పత్రికను వెలువరించెను. 1839లో బడులు ఏడాదికి ఆరు మాసములైన నడువవలెనను శాసనము వచ్చెను. 1840లో మండలినే రద్దు చేయ యత్నము జరుగగా, అది శాసనసభలో ఓడిపోయెను. అట్టి ఎదురుగాలికి కార్టరు నిలిచియుండునని నాకు తోచదు.

అయినను పంతులు కానివాడు చేసిన ఘనకార్యము పంతుళ్లకు శిక్షణ కల్పించుటయే. డ్వైట్ 10,000 డాలర్లిచ్చి, ప్రభుత్వమును అంతే మొత్తము నీయవలెనని నియమము పెట్టెను. 1839 జూలై 3న లెక్సింగ్టన్‌లో తొలి శిక్షణాలయము తెరచిననాడు చేరిన విద్యార్థినులు మువ్వురే. అచ్చట బోధించుటకు మాన్ తాను పూనుకొనలేదు. నాంటకెట్ ద్వీపమున బడి నడుపుచుండిన సైరస్ పియర్సు అను అనుభవశాలిని పిలిపించెను. తన కేది తెలియదో తెలిసియుండుట అధికారులలో అరుదైన గుణము.

ఆ గుణ మన్నివేళల నిలువలేదు. 1843లో మేరీ పీబాడీని వివాహమాడి, ఆమెతో ఐరోపా యాత్ర చేసి, ప్రష్యా బడులను చూచి వచ్చెను. అచ్చటి పంతుళ్లు బెత్తము లేకయే బోధించుచున్నారని తన ఏడవ నివేదికలో వేనోళ్ల కొనియాడెను. బోస్టను పంతుళ్ల కది తమపై నింద వలె తగిలెను. 1844లో ముప్పదియొక్కమంది చేరి 144 పుటల ప్రత్యుత్తరము ప్రకటించిరి. మాన్ అంతకన్న పెద్ద సమాధానము వ్రాసెను. వారు మరల వ్రాసిరి. ఆయన మరల వ్రాసెను.

బెత్తము విషయమున న్యాయము మాన్‌దే. పఠన బోధన విషయమున అట్లనలేము. పిల్లలకు మొదట అక్షరములు గాక మొత్తము పదములే చూపవలెనని ఆయన మతము. మన లిపిలో అక్షరమును ధ్వనియు కలిసియుండును గనుక ఓనమాలతో ఆరంభించుటకు మనకు సంకోచము లేదు. ఇంగ్లీషున వ్రాత యొకటి, పలుకు వేరొకటి. కావున మాన్ వాదము చూపునకు సబబుగనే యుండును. కాని అక్షరములను, వాని ధ్వనులను క్రమముగ నేర్పుటయే మేలని ఇటీవలి దశాబ్దముల పరిశోధన తేల్చినది. నిత్యము పిల్లలతో కూర్చుండు పంతుళ్లు, కొలది వారములు పరదేశపు బడులు చూచి వచ్చిన పెద్దమనిషి ఎరుగనిది ఎరిగియుండిరి.

కలహ మంతటితో ఆగలేదు. 1845లో మాన్ మిత్రుడు శామ్యూల్ హౌ సభ్యుడుగా నున్న సంఘము బోస్టను బడులలో వ్రాతపరీక్షలు జరిపెను. అంతకు పూర్వము పరీక్ష నోటితోనే. ఫలితములు పంతుళ్లకు తలవంపులు తెచ్చెను. కొందరికి కొలువులే పోయెను. పిల్లల జవాబులతో పంతుళ్లను కొలుచు పద్ధతి కిది తొలి ప్రసిద్ధ నిదర్శనము. వాదమున నెగ్గుటకు మాన్ పక్షమువారు పట్టిన ఆ ఆయుధము నాకు రుచింపదు.

1848లో మాన్ పదవి వీడి అమెరికా కాంగ్రెసు సభ్యుడై బానిసత్వము నెదిరించెను. 1853లో ఒహాయో రాష్ట్రమున ఆంటియాక్ కళాశాల కధ్యక్షుడై, ఏబదియేడవ ఏట తానును తరగతిలో నిలిచి పాఠములు చెప్పెను. స్త్రీ పురుషుల నచ్చట కలిపి చదివించెను. అధ్యాపకురాలికిని పురుషులతో సమానముగ జీత మిచ్చెను. కళాశాలను మొదటినుండి అప్పులు వేధించుచునే యుండెను. 1859లో అది వేలమునకు రాగా మిత్రులు కొని నిలిపిరి. ఆ వేసవిలో పట్టప్రదానోత్సవము ముగిసిన కొలది వారములకు, ఆగస్టు 2వ తేదీన, హోరేస్ మాన్ అచ్చటనే కన్నుమూసెను.