సెలవులకు వెళ్ళిన ఊరే పాటైంది

కెనడా జానపద సంగీతం అనగానే నాకు ముందు గుర్తొచ్చే పేరు స్టాన్ రోజర్స్. ఆయన కథ మన ఇళ్ళలో చెప్పుకోవలసిందే, ఎందుకంటే ఆయన కూడా పొట్టకూటికి ఊరు విడిచిన వాళ్ళ బిడ్డే.

తల్లిదండ్రులది తూర్పు తీరం. పెళ్ళయిన కొత్తలోనే పని వెతుక్కుంటూ ఒంటారియో చేరారు. స్టాన్ 1949 నవంబర్ 29న హామిల్టన్‌లో పుట్టారు. వేసవి సెలవులు మాత్రం తరచూ నోవా స్కోషియాలోని గైస్‌బరో కౌంటీలో, చుట్టాల మధ్య గడిచేవి. ఐదేళ్ళ వయసులో మేనమామ స్వయంగా చేసిచ్చిన బుల్లి గిటార్‌తో సంగీతం మొదలైంది.

పెద్దయ్యాక ఆ తీరపు జాలర్ల బతుకులనే పాటలుగా కట్టారు. తమ్ముడు గార్నెట్ ఫిడేలు పట్టగా, చిన్న బృందంతో కాఫీ హౌసులూ జానపద ఉత్సవాలూ తిరిగారు. 1981లో వచ్చిన ఆయన ‘నార్త్‌వెస్ట్ ప్యాసేజ్’ పాటను రెండో జాతీయగీతంలా భావించే కెనడియన్లు ఎందరో.

1983 జూన్ 2న టెక్సస్‌లోని కెర్‌విల్ ఉత్సవం నుంచి తిరిగొస్తుంటే విమానంలో మంటలు రేగాయి. సిన్సినాటి విమానాశ్రయంలో అత్యవసరంగా దిగినా 46 మందిలో 23 మంది చనిపోయారు. వారిలో స్టాన్ ఒకరు. వయసు 33. ఆ ప్రమాదం తర్వాతే విమానాల టాయిలెట్లలో పొగను పసిగట్టే పరికరాలు తప్పనిసరయ్యాయి.

1997 నుంచి గైస్‌బరో కౌంటీలోని కాన్సోలో ఆయన పేరిట జానపద ఉత్సవం జరుగుతోంది. ఆ తీరంలో ఆయన గడిపింది సెలవులే. టికెట్ల ధర చూసి, ఈ వేసవికి పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపడం మానేద్దామా అనుకున్నప్పుడల్లా నాకు ఆ సెలవులే గుర్తొస్తాయి.