రోగుల సేవలో గాంధీజీ

దక్షిణాఫ్రికాలోని మన ఆంధ్ర కుటుంబాలకు గాంధీజీ కథ కొత్తది కాదు. 1893 జూన్ 7వ తేదీ రాత్రి పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషనులో ఆయనను రైలు నుండి దింపివేసిన ఉదంతం మా బడిలో చిన్నపిల్లలు కూడా చెప్పగలిగేవారు. నాయకుడైన గాంధీని గురించి ఇటువంటి సంచికలలో ఎన్నో వ్యాసాలు వచ్చాయి. రోగి పక్కన కూర్చున్న గాంధీని గురించి మాత్రం తక్కువే. కాని గిరిమిట్ మీద వచ్చిన మన పెద్దలలో కొందరు ఆయనను ఎరిగినది ఆ రూపంలోనే. అందుచేత ఈసారి ఆ సంగతే చెప్పదలచాము.

ఆయన 1869 అక్టోబరు 2న పోరుబందరులో పుట్టారు. తండ్రి కరమ్‌చంద్ గారు భగందర వ్యాధితో మంచం పట్టినప్పుడు బడికి వెళ్ళే ఆ కుర్రవాడే పుండుకు కట్టు కట్టేవాడు, మందు కలిపి ఇచ్చేవాడు, రాత్రిళ్ళు కాళ్ళు పిసికేవాడు. 1885లో తండ్రి పోయిన ఘడియలో తాను పక్కన లేకపోయానన్న బాధ ఆయనను జన్మంతా వదలలేదు.

డర్బన్‌లో వకీలుగా స్థిరపడిన కొత్తలో, 1894లో, బాలసుందరం అనే తమిళ కూలీ నెత్తురోడే నోటితో ఆయన ఆఫీసుకు వచ్చాడు. యజమాని కొట్టగా ముందరి పళ్ళు రెండు విరిగాయి. తలపాగా తీసి చేత పట్టుకుని లోపలికి వచ్చాడు. తెల్లవారి ముందుకు వెళ్ళే కూలీ తలపాగా తీయాలన్నది ఆనాటి రివాజు. గాంధీజీ ముందుగా ఆ పాగాను చుట్టుకోమన్నారు. తమిళుడైన తన గుమాస్తా ద్వారా సంగతంతా తెలుసుకుని, వెంటనే డాక్టరు వద్దకు పంపి, దెబ్బలకు సర్టిఫికెట్టు తీసుకున్నారు. కోర్టు వ్యవహారం తరువాత సంగతి. మొదట తలపాగా, తరువాత గాయం. ఈ వరుస మాకెప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

కొన్నేళ్ళకు ఒక కుష్ఠురోగి ఆయన గుమ్మంలోకి వచ్చాడు. అన్నం పెట్టి పంపివేయడానికి ఆయనకు మనసొప్పలేదు. ఇంట్లోనే ఉంచుకుని పుండ్లు కడిగి కట్టు కట్టారు. ఎల్లకాలం ఉంచుకునే స్తోమత లేక, కొద్ది రోజుల తరువాత గిరిమిట్ కూలీల కోసం ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి పంపారు. దానితో ఆయన మనసు నెమ్మది పడలేదు. రోజూ చేసే సేవ ఏదైనా కావాలని కోరుకున్నారు. అప్పట్లో సెయింట్ ఐడన్స్ మిషన్ పెద్ద డాక్టర్ బూత్ గారు పేదలకు ఉచితంగా వైద్యం చేసేవారు. పార్సీ రుస్తుంజీ సేఠ్ గారి ధర్మంతో, ఆ డాక్టరు పర్యవేక్షణలో ఒక చిన్న ఆసుపత్రి వెలిసింది. గాంధీజీ అందులో జీతం లేని కాంపౌండరుగా చేరారు. రానుపోను కలిపి రోజూ ఉదయం రెండు గంటలు. వచ్చినవారి బాధ వినడం, దానిని డాక్టరుకు వివరించడం, డాక్టరు రాసినది కలిపి ఇవ్వడం ఆయన పని. ఆ రోగులలో ఎక్కువమంది తమిళులు, తెలుగువారు, ఉత్తరాది కూలీలు అని ఆయన ఆత్మకథలోనే ఉన్నది. ఆ ఒక్క మాట చదివినప్పుడు మాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు!

ఇక్కడ కొంచెం ఆగి చెప్పవలసినది ఉన్నది. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుండి వచ్చినది మొదలు 1911 వరకు నేటాలుకు చేరిన కూలీలు సుమారు 1,52,000 మంది. చెరకు తోటల ఎస్టేటులో జబ్బుపడిన కూలీ అంటే యజమాని లెక్కలో పని ఎగవేసేవాడే. డాక్టరు ఇంగ్లీషు మనిషి. కడుపులో నొప్పి ఏ చోట, ఎటువంటిది అని చెప్పుకునేందుకు భాష లేదు. సాయంకాలపు తరగతులలో కూడబలుక్కుని తెలుగు నేర్చిన మావంటివారికి, నొప్పిని పరాయి భాషలో చెప్పుకోవడం ఎంత కష్టమో బాగా తెలుసు. అటువంటివాడి మాట విని డాక్టరుకు చేరవేసే మనిషి ఒకడు ఉండటం సగం మందు.

ఆయనలో మాకు నచ్చని ఘట్టమూ ఉన్నది. 1898లో పంచమ తల్లిదండ్రులకు పుట్టిన క్రైస్తవ గుమాస్తా ఒకరు ఆయన ఇంట్లో ఉండేవారు. ఆ గదిలోని మూత్రపు కుండను కస్తూరిబా గారు కళ్ళనీళ్ళతో ఎత్తితే, నవ్వుతూ ఎత్తలేదని భర్త ఆమెను చెయ్యి పట్టి గేటుదాకా ఈడ్చారు. అంటరానితనం పాపమే. కాని పరాయి దేశంలో దిక్కులేని ఇల్లాలిని వీధిలోకి గెంటబోవడం ఏ సేవ? ఆయనే దీనిని దాచకుండా రాసి సిగ్గుపడ్డారు.

1899లో బోయర్ యుద్ధం వచ్చింది. డాక్టర్ బూత్ గారే మనవారికి గాయపడినవారిని మోసే శిక్షణ ఇచ్చారు. దళంలో సుమారు 1,100 మంది. అందులో 300 మంది స్వతంత్రులు, మిగతావారు గిరిమిట్ కూలీలు. స్పియన్ కాప్ యుద్ధం తరువాత రోజుకు ఇరవై, ఇరవై ఐదు మైళ్ళు స్ట్రెచర్లు మోశారు. నాయకుల ఫొటో ఇప్పటికీ పుస్తకాలలో కనిపిస్తుంది. మోసినవారిలో ఎక్కువమంది పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ కనబడవు.

అన్నిటికంటె పెద్ద పరీక్ష 1904 మార్చిలో జోహన్నెస్‌బర్గులో ఎదురైంది. బంగారు గనిలో పనిచేసే భారతీయులు 23 మంది ఊపిరితిత్తుల ప్లేగుతో, కూలీ లొకేషను అని పిలిచే మనవారి పేటకు తిరిగివచ్చారు. అది దగ్గుతో, ఊపిరితో అంటుకునే ప్లేగు. అప్పుడు పేటలో ఉన్న మదనజిత్ గారు ఒక ఖాళీ కొట్టు తాళం పగలగొట్టి రోగులను అందులో చేర్చారు. గాంధీజీ సైకిలు మీద పరుగున వచ్చారు. డాక్టర్ విలియం గాడ్‌ఫ్రీ గారు, గాంధీజీ ఆఫీసులోని నలుగురు గుమాస్తాలు రాత్రంతా జాగారం చేశారు. మరునాడు మునిసిపాలిటీవారు పాత కస్టమ్స్ గోదాము ఇచ్చి ఒక నర్సును, బ్రాందీ సీసాలను పంపారు. జబ్బు అంటకుండా మీరూ తాగండి అని ఆ నర్సు సలహా. గాంధీజీ బృందం తాగలేదు. బ్రాందీ మానడానికి ఇష్టపడిన ముగ్గురికి డాక్టరు అనుమతితో తడిమట్టి పట్టీలు వేశారు. వారిలో ఇద్దరు బతికారు. మిగిలినవారందరూ పోయారు. మట్టి వల్లనే బతికారని మేము అనము. ముగ్గురితో ఏ వైద్యమూ రుజువు కాదు. ఆ నర్సు కూడా కొద్ది రోజులకు ప్లేగుతోనే పోయింది. మన కథలలో ఆమె బ్రాందీ గురించి నవ్వుతూ చెబుతారు గాని, ఇతరులు దరికి రాని మనవారి మధ్య పనిచేస్తూ ప్రాణం ఇచ్చిన మనిషి ఆమె.

తరువాత పేటను ఖాళీ చేయించి తగలబెట్టారు. జనాన్ని క్లిప్‌స్ప్రూట్ వద్ద గుడారాలకు తరలించారు. పేదవారు నేలలో పాతిపెట్టుకున్న వెండి, రాగి నాణేలను తవ్వి తెచ్చి గాంధీజీ చేతిలో పోశారు. బ్యాంకు వద్ద వారికి నమ్మకం లేదు, ఆయన వద్ద ఉన్నది. సుమారు 60,000 పౌండ్లు ఆ విధంగా ఆయన చేతుల మీదుగా బ్యాంకుకు చేరాయి.

1906లో బంబాటా తిరుగుబాటు. గాంధీజీ ఇరవై నాలుగు మందితో ప్రభుత్వం తరఫునే బయలుదేరారు. తీరా అక్కడ వారికి అప్పగించినది జూలూల సేవ. కొందరు అనుమానం మీద పట్టుబడి కొరడా దెబ్బలు తిన్నవారు. తెల్లవారెవరూ ముట్టుకోక ఆ దెబ్బలు చీము పట్టాయి. మనవారికి జూలూ రాదు, వారికి మన భాష రాదు. సైగలతోనే కట్లు కట్టారు. తెల్ల సైనికులు కంచె అవతల నిలబడి వద్దని ఆపబోయారు, వినకపోతే జూలూలను తిట్టారు. గాంధీజీ తొలి రాతలలో ఆఫ్రికన్లను చిన్నబుచ్చే మాటలు ఉన్నాయన్నది నిజం. వాటిని దాచి జీవితచరిత్ర చెప్పకూడదు. ఆ గాయాలు చూసిన మీదట ఆయన మనసు జూలూల పక్షాన నిలిచిందన్నదీ నిజమే.

1909 ప్రాంతంలో కస్తూరిబా గారికి డర్బన్‌లో ఆపరేషను జరిగింది. డాక్టరు మంచివాడే, కాని నీరసానికి గొడ్డుమాంసపు రసం పట్టక తప్పదన్నాడు. చెప్పకుండానైనా పట్టగలడు. గాంధీజీ జోహన్నెస్‌బర్గు నుండి వచ్చి నిర్ణయం భార్యకే వదిలారు. ప్రాణం పోయినా పుచ్చుకోనని ఆమె తేల్చింది. చినుకులలో రిక్షా మీద, రైలు మీద, ఆపైన ఉయ్యాల డోలీలో ఫీనిక్స్ ఆశ్రమానికి చేర్చారు. ఆమె కోలుకున్నది. అంత బలహీనురాలిని అలా కదిలించడం ఎవరూ అనుకరించదగినది కాదు. ఆమెను అడగడం మాత్రం ప్రతి వార్డులోనూ జరగవలసిన పని. మన ముసలివారు ఆసుపత్రి పళ్ళెంలో ఏ మాంసం ఉన్నదో అడగలేక పస్తు పడుకున్న రోజులు మాకు తెలుసు.

1914 జూలైలో ఆయన ఈ దేశం విడిచారు. ఆపై కథ లోకానికి తెలిసినదే. పర్చురే శాస్త్రి గారి సంగతి ఒక్కటి చెప్పాలి. ఆయన సంస్కృత పండితుడు, యెరవాడ జైలులో గాంధీజీతో ఉన్నవారు, కుష్ఠురోగి. మన ఇళ్ళలో పెద్దరోగం అంటూ గొంతు తగ్గించి చెప్పేవారే, ఆ జబ్బు. క్షయ వచ్చినవారికి వేరే గ్లాసు పెట్టినది మన ఇళ్ళలోనే, ఎయిడ్స్‌తో పోయిన పిల్లవాడికి న్యుమోనియా అని చెప్పుకున్నదీ మన ఇళ్ళలోనే. శాస్త్రి గారు 1939లో సేవాగ్రామం వచ్చారు, లోపలికి రమ్మంటారో లేదోనన్న సంకోచంతోనే. గాంధీజీ తన కుటీరం దగ్గరలోనే ఆయనకు గుడిసె వేయించి, తీరిక దొరికిన రోజుల్లో స్వయంగా ఒళ్ళు పట్టేవారు. అప్పటికి కుష్ఠుకు ఇప్పటిలాగా ఖాయమైన మందు లేదు. 1981 తరువాత వచ్చిన బహుళ మందుల చికిత్సతో ఆ జబ్బు నయమవుతున్నది.

ఆశ్రమంలో ఒక పెళ్ళి జరిగినప్పుడు గాంధీజీ పౌరోహిత్యానికి శాస్త్రి గారినే కూర్చోబెట్టారు. ఆ చేతుల మీదుగానే మంత్రాలు, అక్షతలు అన్నీ నడిచాయి.