జోసెఫ్ వెబర్

జోసెఫ్ వెబర్ (మే 17, 1919 - సెప్టెంబరు 30, 2000) అమెరికాకు చెందిన భౌతిక శాస్త్రవేత్త. గురుత్వ తరంగాలను పట్టుకొనుటకు తొలి పరికరాన్ని నిర్మించిన వ్యక్తిగా ప్రసిద్ధుడు. వాటిని కనుగొన్నానన్న ఆయన ప్రకటన నిలువలేదు. ఆయన చూపిన మార్గం మాత్రం నిలిచింది.

జీవితం

వెబర్ న్యూజెర్సీ రాష్ట్రంలోని పేటర్‌సన్‌లో జన్మించాడు. 1940లో నౌకాదళ అకాడమీ నుండి పట్టా పొందాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1942లో మునిగిపోయిన లెక్సింగ్టన్ అనే విమానవాహక నౌకలో పనిచేశాడు. 1948లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆచార్యుడయ్యాడు. 1951లో డాక్టరేటు పొందాడు. 1972లో ఖగోళ శాస్త్రవేత్త వర్జీనియా ట్రింబుల్‌ను వివాహమాడాడు.

అనునాద కడ్డీలు

సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవు, టన్నుకు పైగా బరువు గల స్తూపాకారపు అల్యూమినియం కడ్డీని వెబర్ శూన్యపు గదిలో తీగతో వేలాడదీశాడు. దీని సహజ పౌనఃపున్యం సుమారు 1,660 హెర్ట్జ్‌లు. అదే పౌనఃపున్యం గల గురుత్వ తరంగం తాకితే, గంట మోగినట్లు కడ్డీ అనునాదం చెందుతుంది. ఆ కంపనాన్ని దానికి అతికించిన స్ఫటికాలు విద్యుత్ సంకేతంగా మారుస్తాయి. స్థానికమైన కుదుపులను వేరు చేయుటకు సుమారు 1,000 కిలోమీటర్ల దూరంలో, షికాగో సమీపాన గల ఆర్గాన్ ప్రయోగశాలలో మరొక కడ్డీని నెలకొల్పి, రెండింటిలో ఏకకాలంలో వచ్చిన సంకేతాలనే లెక్కించాడు.

వివాదం

1969లో వెబర్ గురుత్వ తరంగాలకు ఆధారాలు లభించాయని ప్రకటించాడు. అనేక దేశాల శాస్త్రజ్ఞులు ఇటువంటి కడ్డీలు నిర్మించి పరీక్షించారు. ఎవరికీ ఆ సంకేతాలు లభించలేదు. 1970ల మధ్యనాటికి ఆయన ఫలితాలు తిరస్కరించబడ్డాయి. వెబర్ మాత్రం చివరి వరకు తన వాదనను విడువలేదు.

సున్నితత్వం పెంపు

కడ్డీలోని పరమాణువులు ఉష్ణం వలన నిరంతరం కదలుతుంటాయి. ఈ అలజడిలో అతి స్వల్పమైన తరంగ ప్రభావం మరుగున పడుతుంది. అందుచేత తరువాతి తరం వారు కడ్డీలను ద్రవ హీలియంతో చల్లబరిచారు. ఇటలీలోని నాటిలస్ కడ్డీని 1990లలో 0.1 కెల్విన్ వరకు చల్లబరచగలిగారు. కడ్డీ చివర అదే పౌనఃపున్యం గల చిన్న కంపకాన్ని అమర్చి, కదలికను పెద్దది చేశారు. అయినను ఈ కడ్డీలలో దేనికీ నిర్ధారితమైన తరంగం చిక్కలేదు.

మరణానంతరం

వెబర్ 2000లో పిట్స్‌బర్గ్‌లో మరణించాడు. 2015 సెప్టెంబరు 14న లైగో సంస్థకు చెందిన రెండు లేజర్ పరికరాలు తొలిసారి గురుత్వ తరంగాన్ని నమోదు చేశాయి. దూరదూరంగా ఉన్న రెండు పరికరాల సాక్ష్యాన్ని సరిపోల్చే వెబర్ పద్ధతినే ఇక్కడ కూడా పాటించారు. 2016 ఫిబ్రవరి 11న జరిగిన ప్రకటన సభకు ట్రింబుల్ హాజరయ్యారు.